డయానా టరాసి చలికాలాలు రష్యాలో ఎందుకు గడిపింది? మహిళా బాస్కెట్‌బాల్ కెరీర్ గురించి అడిగిన ఒక తండ్రికి జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. డాలస్ దగ్గర తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి స్కూల్ టీమ్‌లోనూ బయట క్లబ్ టీమ్‌లోనూ ఆడుతోంది. అమెరికా బాస్కెట్‌బాల్ స్టార్ డయానా టరాసి అంటే ప్రాణం. తనూ ప్రొఫెషనల్ అవుతానంటోంది. మీరు టరాసి గురించి చదివితే, అంత పేరున్న మనిషి ఏళ్ల తరబడి చలికాలాల్లో రష్యా, టర్కీ వెళ్లి ఆడిందనీ, 2015లో సొంత లీగ్‌లో, అంటే అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యుఎన్‌బిఎలో, సీజన్ మొత్తం ఆడకుండా కూర్చుందనీ తెలిసింది. “ఆమెకే ఇలా అయితే దీన్ని కెరీర్ అనొచ్చా? మా అమ్మాయిని ముందుకు వెళ్లనివ్వాలా?” అని అడిగారు.

నేను యూనివర్సిటీ స్థాయిలో ఆడాను, చాలాకాలంగా ఆడపిల్లల టీమ్‌లకు కోచింగ్ ఇస్తున్నాను. నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో కొందరు కాలేజీ టీమ్‌లకు, ఒకరిద్దరు యూరప్ క్లబ్బులకు వెళ్లారు. కాబట్టి జవాబు ముందే చెప్పేస్తాను. కెరీర్ అనొచ్చు, అమ్మాయిని వెళ్లనివ్వండి. కానీ ఒక లీగ్, ఒక జీతం, ఏడాదికి ఒక సీజన్ అనే లెక్కలో చూడకండి. మొన్నమొన్నటి దాకా ఈ ఆట ఆడే అమ్మాయికి ఆట ఒకటే గానీ ఉద్యోగాలు రెండు. ఆ రెండింటి మధ్య ఒంటికి విశ్రాంతి ఎప్పుడు దొరుకుతుంది, ఆ విశ్రాంతికి డబ్బు ఎవరిస్తారు అన్నదాన్ని బట్టే కెరీర్ ఎన్నాళ్లు నడుస్తుందో తేలుతుంది. టరాసి కథ మొత్తం దీని చుట్టూ తిరుగుతుంది. అందుకే మీ ప్రశ్నకు ఆమె కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

టరాసి 1982లో కాలిఫోర్నియాలో పుట్టింది. తండ్రి ఇటలీలో పుట్టి అర్జెంటీనాలో పెరిగినవాడు, తల్లిది అర్జెంటీనా. అంటే ఆమెదీ వలస వచ్చిన కుటుంబమే. కనెక్టికట్ యూనివర్సిటీలో కోచ్ జీనో ఆరియెమ్మా దగ్గర ఆడి 2002, 2003, 2004లలో వరుసగా మూడు జాతీయ టైటిళ్లు గెలిచింది. 2004 డ్రాఫ్ట్‌లో, అంటే లీగ్ టీమ్‌లు కొత్త ప్లేయర్లను వంతులవారీగా ఎంచుకునే చోట, ఫీనిక్స్ మెర్క్యురీ టీమ్ అందరికన్నా ముందు ఆమె పేరే పిలిచింది. ఆ ఏడాదే ఏథెన్స్‌లో ఒలింపిక్ స్వర్ణం, లీగ్‌లో ఉత్తమ కొత్త క్రీడాకారిణి అవార్డు. ఇన్ని సాధించిన అమ్మాయికి మొదటి సీజన్ జీతం సుమారు 40 వేల డాలర్లు. కొత్తగా చేరేవాళ్ల జీతం లీగ్‌కూ క్రీడాకారిణుల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందంలో ముందే రాసి ఉంటుంది. ఎంత గొప్పగా ఆడినా బేరం ఆడే వీలు లేదు.

డబ్ల్యుఎన్‌బిఎ 1997లో మొదలైంది. దాన్ని పెట్టింది మగవాళ్ల లీగ్ ఎన్‌బిఎ. మగవాళ్ల సీజన్ అయిపోయాక వేసవిలో స్టేడియాలూ టీవీ సమయమూ ఖాళీగా ఉంటాయి కాబట్టి ఆడవాళ్ల లీగ్‌ను వేసవిలో పెట్టారు. యూరప్‌లో సీజన్ అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా. అంటే రెండు క్యాలెండర్లు ఒకదానికొకటి అడ్డం రావు. వేసవిలో అమెరికా, చలికాలంలో యూరప్ అనే అలవాటు ఇలా పుట్టింది. ఇది ఎవరో ఒకరి ఆశ వల్ల వచ్చింది కాదు. సొంత దేశంలో ఇచ్చే జీతం నాలుగైదు నెలలదే, మిగతా ఏడెనిమిది నెలలు బతకడానికి ఇంకో చోటు వెతుక్కోవాలి.

టరాసి 2005లో మాస్కోకు వెళ్లింది, మొదట డైనమో క్లబ్బుకు, మరుసటి ఏడాది స్పార్టక్ మాస్కో రీజియన్‌కు. స్పార్టక్ యజమాని షబ్తాయ్ కల్మనోవిచ్ ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ మీద సొంత డబ్బు కుమ్మరించిన వ్యాపారి. టరాసి, సూ బర్డ్, ఆస్ట్రేలియా నుంచి లారెన్ జాక్సన్, అందరినీ ఒకే టీమ్‌లోకి తెచ్చాడు. 2007 నుంచి 2010 వరకు యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ యూరోలీగ్ టైటిల్ నాలుగుసార్లు ఆ క్లబ్బుకే వచ్చింది. ఇక్కడ తండ్రిగా మీరు గమనించాల్సింది ఒకటుంది. ఆ డబ్బు టికెట్ల అమ్మకం నుంచి రాలేదు, టీవీ హక్కుల నుంచీ రాలేదు. ఒక మనిషి ఇష్టం నుంచి వచ్చింది. 2009 నవంబర్‌లో కల్మనోవిచ్‌ను మాస్కోలో ఆయన కారులోనే కాల్చి చంపారు. ఆ తర్వాత ఆ క్లబ్బు వెలుగు ఎక్కువ కాలం నిలవలేదు. క్లబ్ పెద్దదా చిన్నదా అని అడిగే ముందు ఆ జీతం ఎవరి జేబులోంచి వస్తుందో అడగమని నా పిల్లలకు చెప్పేది ఇందుకే.

2010లో టరాసి ఇస్తాంబుల్‌కు, ఫెనర్‌బాచే క్లబ్బుకు మారింది. కొద్ది వారాలకే డోప్ పరీక్షలో మొడాఫినిల్ అనే నిషేధిత మందు దొరికిందన్నారు. తను ఆ మందు ఎప్పుడూ వాడలేదని ఆమె మొదటి నుంచీ చెప్పింది. అయినా క్లబ్ ఒప్పందం రద్దు చేసింది. 2011 ఫిబ్రవరిలో ఆ పరీక్ష చేసిన అంకారా ల్యాబే తన రిపోర్టును వెనక్కు తీసుకుంది. అప్పటికి ఆమె అమెరికా వచ్చేసింది, సీజన్ పోయింది. ఆమె స్థాయి మనిషికి లాయర్లు ఉన్నారు, పేరు ఉంది, కాబట్టి మచ్చ తొలగింది. ఇదే ఒక మామూలు ప్లేయర్‌కు జరిగి ఉంటే కెరీర్ అక్కడితో ఆగిపోయేది. పరాయి దేశంలో ఆడేవాళ్లు వేసుకునే ప్రతి మాత్ర పేరూ, ప్రతి ప్రిస్క్రిప్షనూ రాసి పెట్టుకోవాలని నేను పట్టుబట్టడానికి ఈ సంఘటన కూడా ఒక కారణం.

తర్వాత ఒక ఏడాది గలతాసరాయ్‌లో ఆడి, 2012లో యూఎమ్‌ఎమ్‌సీ యెకటెరిన్‌బర్గ్‌లో చేరింది. యురల్ పర్వతాల దగ్గర ఉన్న ఊరు అది. క్లబ్బు వెనక ఉన్నది రాగి గనుల కంపెనీ. అమెరికాలో సొంత లీగ్‌లో మామూలు విమానాల్లో, ఇరుకు సీట్లలో తిరిగే వీళ్లకు అక్కడ ప్రత్యేక విమానాలు ఉండేవి. జీతం తేడా ఎంతంటే, అక్కడ ఆమెకు ఏడాదికి సుమారు 15 లక్షల డాలర్లు అని అప్పట్లో పత్రికలు రాశాయి. అదే సమయంలో డబ్ల్యుఎన్‌బిఎలో ఎంత గొప్ప ప్లేయర్‌కైనా గరిష్ఠ జీతం లక్షా 10 వేల డాలర్లకు లోపే.

ఇప్పుడు మీరు అడిగిన 2015 దగ్గరికి వద్దాం. 2014లో ఆమె ఫీనిక్స్‌కు మూడో టైటిల్ తెచ్చింది, ఫైనల్స్‌లో ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. ఆ తర్వాతి వేసవి నువ్వు ఆడకు, విశ్రాంతి తీసుకో, నీకు అక్కడ పోయే జీతం మేమిస్తాం అని రష్యా క్లబ్ అడిగింది. ఆమె ఒప్పుకుంది. ఏడాది పొడవునా ఆడటం ఒంటిని అరగదీస్తోందని, ఈ అవకాశం వదులుకోవడం బాధ్యత కాదని అభిమానులకు లేఖ రాసింది. చాలామంది ఆమెను డబ్బు మనిషి అన్నారు. నాకు మాత్రం ఆ నిర్ణయం మీద పూర్తి గౌరవం ఉంది. పదేళ్లకు పైగా ఆమె ఒంటికి ఒక వేసవి ఖాళీ దొరకలేదు. మామూలు వేసవిలో లీగ్, నాలుగేళ్లకోసారి ఒలింపిక్స్, మధ్యలో ప్రపంచకప్, చలికాలంలో యూరప్. ఆమె విశ్రాంతికి విలువ కట్టింది సొంత లీగ్ కాదు, పరాయి దేశంలోని క్లబ్బు. ఇందులో తప్పు ఆమెది కాదు.

2017లో ఆమె విదేశాల్లో ఆడటం మానేసింది. అప్పటికి వయసు 35కు దగ్గర పడింది. ఆ ఏడాది జూన్‌లోనే టీనా థాంప్సన్ రికార్డును దాటి లీగ్ చరిత్రలో అత్యధిక పాయింట్లు చేసిన క్రీడాకారిణి అయింది. 2019లో వెన్ను ఆపరేషన్ వల్ల ఆ సీజన్ దాదాపు పోయింది, అందరూ ఇక అయిపోయిందనుకున్నారు. 2023 ఆగస్టు 3న అట్లాంటా డ్రీమ్ మీద 42 పాయింట్లు కొట్టి, ఆ లీగ్‌లో 10,000 పాయింట్లు దాటిన మొదటి మనిషి అయింది. వయసు 41. 2024 పారిస్‌లో ఆరో ఒలింపిక్ స్వర్ణం. బాస్కెట్‌బాల్‌లో మగవాళ్లలోగానీ ఆడవాళ్లలోగానీ ఆరు స్వర్ణాలు ఇంకెవరికీ లేవు. 2025 ఫిబ్రవరిలో రిటైర్ అయినప్పుడు లెక్క 20 సీజన్లు, 10,646 పాయింట్లు. చలికాలపు ఉద్యోగం మానేసిన తర్వాత అన్నేళ్లు ఆడగలిగిందంటే అందులో విశ్రాంతి పాత్ర పెద్దదని నా గట్టి నమ్మకం.

అందరికీ అలా కలిసిరాదు. బ్రియానా స్టీవర్ట్ 2018లో సియాటిల్ తరఫున టైటిలూ, లీగ్‌లో అత్యుత్తమ క్రీడాకారిణికిచ్చే ఎంవిపీ అవార్డూ గెలిచి, ఆ చలికాలం రష్యాలోని డైనమో కుర్స్క్‌కు వెళ్లింది. 2019 ఏప్రిల్‌లో హంగరీలో యూరోలీగ్ ఫైనల్ ఆడుతుండగా పిక్క కండరాన్ని మడమకు కలిపే టెండన్, అదే అకిలీస్, తెగింది. ఎంవిపీగా ఉన్న మనిషి మరుసటి సీజన్ మొత్తం మైదానంలో అడుగు పెట్టలేకపోయింది. 2020లో తిరిగి వచ్చి మళ్లీ టైటిల్ గెలిచింది, అది ఆమె పట్టుదల. కానీ ఆ గాయమే లీగ్‌ను ఆలోచనలో పడేసింది. మన మంచి ప్లేయర్లు మన దగ్గర ఆడకుండా వేరే చోట దెబ్బ తింటున్నారు, దీనికి మనం ఇచ్చే జీతమే కారణం అన్న మాట పైకి వచ్చింది.

తర్వాత బ్రిట్నీ గ్రైనర్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఫీనిక్స్‌లోనూ యెకటెరిన్‌బర్గ్‌లోనూ టరాసితో కలిసి ఆడిన మనిషి. 2022 ఫిబ్రవరిలో క్లబ్బులో చేరడానికి వెళ్తుంటే మాస్కో విమానాశ్రయంలో ఈ-సిగరెట్‌లో వాడే, గంజాయి నూనె ఉన్న వేప్ కార్ట్రిడ్జ్‌లు దొరికాయని అరెస్టు చేశారు. తొమ్మిదేళ్ల శిక్ష వేశారు. డిసెంబర్ 8న ఖైదీల మార్పిడిలో బయటికి వచ్చింది. ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా క్లబ్బులను అంతర్జాతీయ పోటీల నుంచి ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా తప్పించింది. అమెరికా ప్లేయర్లకు అన్నిటికన్నా ఎక్కువ డబ్బు ఇచ్చే తలుపు అలా మూసుకుంది. ఇప్పుడు ఎక్కువమంది టర్కీ, స్పెయిన్, ఇటలీ, ఫ్రాన్స్, చైనా, ఆస్ట్రేలియా వైపు వెళ్తున్నారు.

సొంత లీగ్‌లో మార్పు కూడా వచ్చింది. 2020 ఒప్పందంలో గరిష్ఠ జీతం 2,15,000 డాలర్లకు పెరిగింది. ప్రసూతి సెలవుకు పూర్తి జీతం వచ్చింది. అంతకు ముందు ఇది పూర్తిగా ఉండేది కాదన్నది తల్చుకుంటే మనసు మండుతుంది. 2024 నుంచి టీమ్‌లకు ప్రత్యేక విమానాలు వచ్చాయి. అదే ఏడాది 11 ఏళ్లకు 220 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం కుదిరింది. 2025లో 13వ టీమ్‌గా గోల్డెన్ స్టేట్ వచ్చింది. టొరంటో, పోర్ట్‌లాండ్ టీమ్‌లను 2026 నుంచి చేర్చుకోవాలని లీగ్ నిర్ణయించింది. ఇంకో పక్క, విదేశీ క్లబ్ కోసం సొంత లీగ్‌కు ఆలస్యంగా వస్తే జరిమానా, ఆ తర్వాత సీజన్ మొత్తం సస్పెన్షన్ అనే నిబంధన కూడా తెచ్చారు. ఇది 2023లో అమల్లోకి వచ్చింది. జీతం పెంచి తలుపు మూయడం న్యాయమే, కానీ ఆ పెంపు అందరికీ అందదు. కొత్తగా వచ్చినవాళ్ల పరిస్థితి చూడండి. 2024లో దేశమంతా ఊగిపోయిన కెయిట్లిన్ క్లార్క్‌కు మొదటి సీజన్ జీతం 76,535 డాలర్లు. ఆమెకు అసలు సంపాదన నైకీ లాంటి ప్రకటనల నుంచి. ఆ ప్రకటనలు ఏడాదికి పట్టుమని పదిమందికి వస్తాయేమో.

చలికాలానికి దేశం దాటక్కర్లేకుండా స్టీవర్ట్, నఫీసా కాలియర్ కలిసి ‘అన్‌రైవల్డ్’ అనే ముగ్గురు-ముగ్గురు ఆట లీగ్‌ను 2025 జనవరిలో మయామీలో మొదలుపెట్టారు. ఆడేవాళ్లకు అందులో వాటా కూడా ఇచ్చారు. అకిలీస్ తెగిన మనిషే ఈ పని చేయడం నాకు చాలా నచ్చింది. కానీ మొదటి ఏడాది అందులో చోటు 36 మందికే.

స్టార్ల మాట ఇంతటితో ఆపి, మీ అమ్మాయికి నిజంగా పనికొచ్చే మాట చెప్తాను. టరాసిని కాదు, బెంచ్ చివర కూర్చునే పన్నెండో అమ్మాయిని చూడమనండి. మీకు దగ్గర్లోనే ఆర్లింగ్టన్‌లో డాలస్ వింగ్స్ ఆడుతుంది, టరాసి చదివిన కనెక్టికట్ నుంచే వచ్చిన పెయిజ్ బెకర్స్ ఆ టీమ్‌లోనే ఉంది. వెళ్లి మ్యాచ్ చూడండి. బెకర్స్‌ను అందరూ చూస్తారు. మీరు మాత్రం టీమ్ లిస్టులో అట్టడుగున ఉన్న ఇద్దరి పేర్లు రాసుకుని, గత నాలుగు చలికాలాలు వాళ్లు ఎక్కడ ఆడారో ఇంటికొచ్చి వెతకండి. పోలండ్, ఇజ్రాయెల్, హంగరీ లాంటి పేర్లు కనపడతాయి. అది కూడా కెరీరే, మంచి కెరీరే. కాకపోతే అక్కడిదాకా చేరేవాళ్లు చాలా కొద్దిమంది. కాలేజీల్లో అన్నిటికన్నా పై స్థాయి అయిన డివిజన్ 1 టీమ్‌లే 350కి పైగా ఉన్నాయి. 2025లో 13 టీమ్‌లున్న లీగ్‌లో టీమ్‌కు పన్నెండు మంది చొప్పున వేసుకున్నా చోట్లు 156 దాటలేదు. డ్రాఫ్ట్‌లో పేరు పిలిచినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు. రెండు, మూడు రౌండ్లలో ఎంపికైన వాళ్లలో చాలామందిని ట్రైనింగ్ క్యాంప్ అవ్వకముందే ఇంటికి పంపేస్తారు. ఆ సమయంలో పిల్ల పక్కన ఒక మనిషి ఉండాలి.

యూరప్‌లో మధ్య స్థాయి క్లబ్బు ఇచ్చేది నెల జీతం, ఫ్లాట్, వెళ్లి రావడానికి విమాన టికెట్, కొన్నిచోట్ల కారు. జీతం సాధారణంగా పన్ను పోను చేతికొచ్చేదే రాస్తారు, అక్కడి పన్ను క్లబ్ కడుతుంది. పన్ను కట్టినట్టు కాగితం తప్పకుండా తీసుకోవాలి, అమెరికా పౌరురాలైతే ఇక్కడ రిటర్న్ వేయడం ఎలాగూ తప్పదు. నా దగ్గర ఆడిన ఒక అమ్మాయి వెళ్లిన చిన్న క్లబ్ శీతాకాలం మధ్యలో జీతం ఆపేసింది. “వచ్చే వారం, వచ్చే వారం” అంటూ తిప్పారు. ఆమెను కాపాడింది ఒప్పందంలో ఉన్న ఒక్క పేరా. బ్యాట్ అంటారు, బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్, ఫిబా 2007లో పెట్టిన వివాద పరిష్కార వేదిక, జెనీవాలో ఉంటుంది. గొడవ వస్తే అక్కడే తేల్చుకుంటామని ఒప్పందంలో రాసి ఉంటేనే అక్కడికి వెళ్లగలం. తీర్పు వచ్చాక కూడా క్లబ్ డబ్బు కట్టకపోతే కొత్త ప్లేయర్లను రిజిస్టర్ చేసుకోనివ్వకుండా ఫిబా ఆపగలదు. అందుకే క్లబ్బులు భయపడతాయి. ఆ పేరా లేని కాగితం మీద సంతకం పెట్టొద్దని నేను ఎవరికైనా చెప్తాను, ఏజెంట్ ఎంత తొందరపెట్టినా సరే. గాయమైతే జీతం ఆగదని, ఆపరేషన్ ఖర్చు క్లబ్‌దేనని కూడా రాసి ఉండాలి. జీతం అంకె కన్నా ఇవి ముఖ్యం.

మన దేశంలో చూస్తే దారి వేరు. ఆడవాళ్లకు నిలకడగా నడిచే పెద్ద ప్రొఫెషనల్ లీగ్ లేదు. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగమే మన అమ్మాయిలకు ప్రొఫెషనల్ కెరీర్. జాతీయ పోటీల్లో ఏళ్ల తరబడి ఇండియన్ రైల్వేస్ టీమ్‌దే పైచేయి కావడానికి కారణం ఇదే. కేరళలోని కొట్టాయం ప్రాంతం నుంచి వచ్చిన గీతు అన్నా జోస్ దక్షిణ రైల్వేలో ఉద్యోగం చేస్తూ ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ హాక్స్ క్లబ్బుకు ఆడింది. 2011లో చికాగో, లాస్ ఏంజెలిస్, శాన్ ఆంటోనియో టీమ్‌ల ట్రయల్స్‌కు వెళ్లింది. డబ్ల్యుఎన్‌బిఎ తలుపు దాకా వెళ్లిన మొదటి భారతీయురాలు ఆమే. టీమ్‌లో చోటు రాలేదు, 2014లో అర్జున అవార్డు వచ్చింది. ఆమె తిరిగి వచ్చినప్పుడు కాలు మోపడానికి రైల్వే ఉద్యోగం ఉంది. ఆ భరోసా చాలామంది అమెరికన్ ప్లేయర్లకు లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆడపిల్లను ఈ ఆటలో పెట్టాలనుకునే వాళ్లు ఈ దారిని చిన్నచూపు చూడొద్దు.

మీ అమ్మాయికి వస్తే, పదిహేనేళ్ల పిల్ల కోసం ఇప్పుడే ఏజెంట్, ప్రకటనలు ఆలోచించకండి. మోకాలి గురించి ఆలోచించండి. బాస్కెట్‌బాల్‌లో మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్, అదే ఏసీఎల్, తెగడం మగపిల్లల కన్నా ఆడపిల్లల్లో చాలా ఎక్కువ. బెకర్స్ కూడా కాలేజీలో ఆ గాయంతోనే ఒక సీజన్ మొత్తం పోగొట్టుకుంది. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా దిగడం, తొడ వెనక కండరాల బలం, ఆగి దిశ మార్చడం, వీటికి వారానికి రెండు మూడుసార్లు ఇరవై నిమిషాలు కేటాయిస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. స్కూల్ సీజన్, క్లబ్ సీజన్, వేసవి టోర్నమెంట్లు అన్నీ ఒకదాని వెనక ఒకటి పెట్టి పిల్లకు ఏడాదంతా ఖాళీ లేకుండా చేస్తున్న తల్లిదండ్రులను చాలామందిని చూస్తున్నాను. టరాసిని 32 ఏళ్లకు అలిసిపోయేలా చేసిన క్యాలెండర్‌ను మనం 14 ఏళ్లకే పిల్లల మీద రుద్దుతున్నాం. ఏడాదిలో రెండు మూడు నెలలు మ్యాచ్‌లు పూర్తిగా ఆపేయండి. క్లబ్ కోచ్ ఒప్పుకోకపోతే క్లబ్ మార్చండి.

ఈ లీగ్‌లోకి అమెరికా కాలేజీ పిల్లలను డ్రాఫ్ట్ చేయాలంటే ఆ ఏడాది 22 నిండాలి, లేదా డిగ్రీ అయిపోవాలి. మగపిల్లల్లా ఒక్క ఏడాది కాలేజీ చేసి వెళ్లిపోవడం ఉండదు. తల్లిదండ్రులుగా మనకిది మేలు, నాలుగేళ్ల చదువు, వీలైతే పూర్తి స్కాలర్‌షిప్‌తో, చేతికొస్తుంది. బెంగళూరు అమ్మాయి సంజనా రమేష్ నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీకి ఆడింది, మన పిల్లలకు ఆ తలుపు తెరిచే ఉంది. ఒక జాగ్రత్త. అమ్మాయి పౌరురాలు కాకపోతే, తల్లి లేదా తండ్రి ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్-4 వీసా మీద ఉంటే 21 నిండేసరికి స్టేటస్ మారాలి. విద్యార్థి వీసా ఎఫ్-1 మీదకు వస్తే కాలేజీలో పేరు మీద వచ్చే ప్రకటనల డబ్బు తీసుకోవడానికి పని నిబంధనలు అడ్డొస్తాయి. ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా ఒక్క డాలర్ కూడా తీసుకోనివ్వొద్దు.

ఇక ఈ నెలలోనే చేయాల్సిన పని ఒకటుంది. డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ సబ్జెక్టులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ (సగటు గ్రేడ్) కావాలి. అందులో పది సీనియర్ ఇయర్, అంటే పన్నెండో తరగతి, మొదలయ్యే లోపే అయిపోవాలి, వాటిలో ఇంగ్లీష్, లెక్కలు, సైన్స్ కలిపి ఏడు ఉండాలి. తొమ్మిదో తరగతి మార్కులు ఇందులోకి వస్తాయి. స్కూల్ కౌన్సిలర్‌ను కలిసి, మీ అమ్మాయి తీసుకున్న క్లాసులు కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సిఎఎ ఆమోదించిన జాబితాలో ఉన్నాయో లేదో చూపించుకోండి. లిస్టులో లేని క్లాస్ ఏదైనా ఉంటే వచ్చే సెమిస్టర్‌కే మార్చేయొచ్చు. ఎవరైనా క్లబ్ కాగితాలు ఇచ్చి సంతకం అడిగితే, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను.